ఇంకో ఎల్యా

నీళ్ళెక్కడ అయిపోయి ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియనంత మంచు పట్టేసింది మాంటెవిడియో రేవుకి. బ్యూనస్ ఎయిర్స్ నుంచి రావలసిన పడవ ఆ తెల్లదనంలో ఎక్కడో ఆగిపోయి, ఉండి ఉండి, ఈనబోయే ఆవులా ఒక అరుపు అరుస్తోంది. అరుపు వినబడినప్పుడల్లా బ్రైనా పిడికిలి ఎల్యా కోటు చేతిని ఇంకాస్త గట్టిగా బిగిస్తోంది. చేపల ఉప్పునీళ్ళలో ఒక జీవితకాలం నానిన చెయ్యి అది, దాని పట్టులోంచి జారిపోయిన చేప ఇంతవరకు లేదు, కాబట్టి తను జారిపోవడం అయ్యే పని కాదు, అనుకున్నాడు ఎల్యా. అయినా ప్రయత్నించి చూస్తే? వేయించిన రొట్టెలు కొనుక్కొస్తానని చెప్పి ఆ మూలకి నడిచి, మూల తిరిగి, తిరిగినవాడు తిరిగినట్టే పోతే? యాభై దాటిన మనిషి రేవులోంచి పారిపోతే బాగుంటుందా, బాగుండదు. మరి ఉండిపోతే బాగుంటుందా? అక్కా తమ్ముడూ కావలించుకుని ఏడుస్తుంటే పక్కన టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డ మూడోవాణ్ణి ఏమంటారు? మాజీ మంత్రులుంటారు, మాజీ మొగుళ్ళుంటారు, మాజీ తమ్ముడనే మాట ఏ భాషలోనైనా ఉందా? తనకొచ్చిన అయిదు భాషల్లోనూ వెతికాడు. యిద్దిష్‌లో లేదు, రష్యన్‌లో లేదు, స్పానిష్‌లో అసలే లేదు, పోలిష్ మర్చిపోయాడు, పరాగ్వేలో నేర్చుకున్న గ్వారనీలో బూతులు తప్ప ఏవీ రావు.

"అక్కా, రొట్టెలు తెస్తాను, వేడిగా వేయిస్తున్నారు."

"నూనె వాసన ఇక్కడికే కొడుతోంది. నీ పిత్తాశయం ఎక్కడుందిరా?"

"తీసేశారుగా."

"మరి? లేనివాడికి రొట్టెలెందుకు? నిలబడు."

నిలబడ్డాడు. పిత్తాశయం తీసినప్పుడు ఆస్పత్రి వరండాలో బ్రైనా కుర్చీ వేసుకుని కూర్చుంది, లోపలికి పోతున్న ప్రతి డాక్టర్నీ ఆపి "నువ్వేనా కోసేది? చేతులు చూపించు" అని అడిగింది, ఆఖరికి నేల తుడిచే మనిషి చేతులు కూడా చూసి "ఇతనివే శుభ్రంగా ఉన్నాయి" అంది. కట్టు విప్పకముందే కోడిపులుసు గిన్నె దుప్పటి కింద దాచి తెచ్చి పట్టించింది, దాని దెబ్బకి ఇంకో వారం ఆస్పత్రిలోనే ఉండాల్సి వచ్చింది. ఆ పులుసు ఎవరికి పట్టించినట్టు? తమ్ముడికి. తను తమ్ముడు కాడు. అయితే ఆ పులుసు తనకి చెందదు, ఆ ఇంకో వారం కడుపునొప్పి కూడా తనకి చెందదు, అదంతా న్యాయంగా ఎక్కడో ఉజ్బెకిస్తాన్‌లోని కోకంద్ నుంచి బయల్దేరి ఇప్పుడు పడవలో వస్తున్న ఆ అసలు తమ్ముడికి పోవాలి. ఇర్మా కూడా అదే లెక్కలో ఉంది పొద్దున. మామూలుగా నోరు మూతపడని తన భార్య, ఆ మనిషి ఫోను వచ్చిన దగ్గర్నుంచి దాని గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు, ఇవాళ మాత్రం టోపీ అందిస్తూ గుమ్మంలో నిలబడి, "నువ్వు ఆవిడ తమ్ముడివి కాకపోతే మరి ఇన్నాళ్ళూ నన్ను ఆడపడుచు హోదాలో తిట్టినవన్నీ ఏమైనట్టు? వెనక్కి తీసుకుంటుందా? నా చేతి వంట గడ్డి అంది. నా తల్లిని ఎండుచేప అంది. తీసుకోమను" అంది. తీసుకోమని ఎలా అంటాడు? నవ్వబోయాడు, ఇర్మా కళ్ళు తడిగా ఉన్నాయని అప్పుడు చూశాడు. ఇరవై మూడేళ్ళుగా ఆడపడుచుతో యుద్ధం చేసినదానికి ఇప్పుడు ఆడపడుచు లేదంటే, పాపం, ఆ ఆయుధాలన్నీ ఎక్కడ పెట్టుకుంటుంది?

తప్పు ఎవరిదైనా ఉందంటే అది ఇర్మాదే. ఇరవై మూడేళ్ళ కిందట ఒక ఆదివారం ఆవిడ పిండి కలుపుతూ పాటల కోసం రేడియో తిప్పుతుంటే మధ్యలో యూదుల యిద్దిష్ భాష కార్యక్రమం తగిలింది. ఆవిడకి ఆ భాష ముక్క రాదు, మొగుడి పేరు మాత్రం వినబడింది. పిండి చేతులతో వచ్చి పడుకున్నవాణ్ణి లేపి "లే, రేడియోవాళ్ళు నిన్ను పిలుస్తున్నారు" అంది. రేడియోలో ఒకాయన, జలుబు గొంతుతో, యుద్ధంలో తప్పిపోయినవాళ్ళ పేర్లు చదువుతున్నాడు. ఎల్యా, ఓల్షెవ్కా ఊళ్ళో పీపాలు చేసే మోటల్ కొడుకు, ఎడమ చేతి మీద కాలిన మచ్చ, అక్క బ్రైనా ఊరొదిలేనాటికి నాలుగేళ్ళు, తెలిసినవాళ్ళు రెయుస్ పేటలో హెరింగ్ చేపల దుకాణానికి కబురు చెయ్యగలరు. ఎల్యా మంచం మీద కూర్చుని చెయ్యి చూసుకున్నాడు. మచ్చ ఉంది. వయసు సరిపోతుంది. తండ్రి పేరు మోటలో కాదో అతనికెలా తెలుసు? ఉరల్ కొండల దిగువన ఏదో రైలుస్టేషన్లో, ఎవరిదో మూట మీద కూర్చుని ఏడుస్తుంటే దొరికాడట. అనాథాశ్రమంలో పేరడిగితే ఎల్యా అన్నాడట. మీ నాన్న పేరేంట్రా అంటే తాతె అన్నాడట. యిద్దిష్‌లో ఏ పిల్లాడైనా నాన్నని పిలిచేది అలాగే. రాసుకునే అమ్మాయి అదే పేరనుకుని ఎల్యా, తాతె కొడుకు అని రాసేసింది. నాన్నకి కొడుకు అనే ఆ గొప్ప వివరంతోనే ఎల్యా పోలండ్‌కి, అక్కణ్ణుంచి అనాథల గుంపుతో ఇటలీకి, ఇటలీ నుంచి ఓడెక్కి పరాగ్వేకి, పరాగ్వే నుంచి దొంగదారిన ఉరుగ్వేకి వచ్చి, ఉన్ని ఏకి పరుపులు కుట్టే పనిలో కుదురుకున్నాడు. పరుపులు కుట్టేవాడికి వంశవృక్షం అవసరం లేదు, సూదీ వీపూ గట్టిగా ఉంటే చాలు. అయినా ఆ సోమవారం గడ్డం గీసుకుని, శుభ్రమైన చొక్కా వేసుకుని, అడిగి వచ్చేద్దామని బయల్దేరాడు. అడిగి రావడానికి మాత్రమే. అది గుర్తుపెట్టుకోవాలి. అతను వెళ్ళింది మర్యాదగా ఒక ప్రశ్న అడగడానికి.

ప్రశ్న ఎక్కడ అడగనిచ్చింది? దుకాణంలో అడుగుపెట్టి "అమ్మా, రేడియోలో..." అన్నాడో లేదో, పీపా వెనకనుంచి ఉప్పునీళ్ళు కారుతున్న రెండు చేతులు వచ్చి అతని మొహాన్ని రెండువైపులా పట్టుకున్నాయి. "ముక్కు!" అని కేక పెట్టింది బ్రైనా. "అమ్మ ముక్కు!" దుకాణంలో చేపలు కొనడానికి వచ్చిన ఆడవాళ్ళు ఏడవడం మొదలుపెట్టారు. అమ్మా, నేను ఖచ్చితంగా చెప్పలేను, అనబోయిన అతని నోట్లో ఒక ఊరేసిన దోసకాయ దూరింది. మూడు రోజులు మొహం హెరింగ్ వాసన కొట్టింది, వీధిలో పిల్లులు వెంటపడ్డాయి. మచ్చ సంగతి సాయంత్రానికి గానీ రాలేదు. చొక్కా చెయ్యి మడిచి చూపించాడు. బ్రైనా కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది, తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. "ఇది కుడి చెయ్యి," అంది. అవునన్నాడు ఎల్యా. నేను ఎడమ అని చెప్పాను, అంది. అవును, అందుకే నేను ముందే అందామనుకున్నాను, అన్నాడు ఎల్యా, టోపీ కోసం చూస్తూ. ఆవిడ లేచి గరిటె తీసుకుంది. పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది. అప్పుడు తల ఊపి, "నేను నిన్నెప్పుడూ ఎదురుగా నించుని చూసేదాన్నిగా! ఎదురుగా చూస్తే కుడి ఎడమే కదరా అయ్యేది," అని, పులుసు వడ్డించింది. ఎంత తెలివైన మాట, అని ఎల్యా ఆ రోజు మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాడు. ఇంటికెళ్ళి ఇర్మాని ఎదురుగా నిలబెట్టి పరీక్షించి కూడా చూశాడు. నిజమే, సరిగ్గా సరిపోయింది.

మంచులోంచి పడవ మళ్ళీ అరిచింది. ఈసారి కాస్త దగ్గర్నుంచి అనిపించింది, అనిపించిందే గానీ ఏమీ కనబడలేదు. పక్కన ఎవరో నసియోనాల్ ఫుట్‌బాల్ జట్టు కండువా మెడకి చుట్టుకుని గొట్టంతో మాతే ఆకు టీ పీలుస్తున్నాడు. ఆ కండువా మీద ఎల్యా కళ్ళు అతుక్కుపోయాయి. తెలుపు, ఎరుపు, నీలం. తన జట్టు! బ్రైనా మొగుడు బతికున్నన్నాళ్ళూ దానికి బద్ధశత్రువైన పెన్యరోల్ జట్టు మనిషి, ఆ ఇంట్లో పసుపూ నలుపూ తప్ప ఇంకో రంగు గడప దాటి రాలేదు. కొత్తగా దొరికిన బావమరిది నసియోనాల్ వాడని తెలిసిన ఆదివారం ఆయన అన్నం ముందునుంచి లేచిపోయాడు. "ఓల్షెవ్కాలో మన ఇంటావంటా లేదురా ఆ జట్టు" అని బ్రైనా బతిమాలింది, ఓల్షెవ్కాలో ఫుట్‌బాల్ బంతే లేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. మతం మార్చుకున్నవాళ్ళున్నారు, దేశం మార్చుకున్నవాళ్ళున్నారు, జట్టు మార్చుకున్న మగాడు మాంటెవిడియో మొత్తం మీద తనొక్కడే. ఇరవై మూడేళ్ళు పెన్యరోల్ గెలిచినప్పుడు చప్పట్లు కొట్టాడు, ఓడిపోయినప్పుడు స్నానాలగదిలో తలుపేసుకుని నవ్వాడు. ఇప్పుడు తమ్ముడు కాడని తేలిపోయింది గనక వెనక్కి వెళ్ళిపోవచ్చా? ఇవాళ మధ్యాహ్నమే ఒక కండువా కొనుక్కోవచ్చా? కండువా మీంచి చూపు తిప్పేసుకున్నాడు. నసియోనాల్ ఎవడిక్కావాలి?

జట్టు పోతే పోయింది, బాల్యం సంగతేమిటి? అది అసలు చిక్కు. అతనికి బాల్యమంటూ ఉన్నది ఆ మూట, ఆ రైలుస్టేషను, అంతే. మిగతాదంతా బ్రైనా ఇచ్చింది. శుక్రవారం శుక్రవారం, దీపాలు వెలిగించి, పులుసు తర్వాత, ఒక్కొక్క ముక్కే వడ్డించినట్టు ఇచ్చింది. నీకు బాతు అంటే భయంరా, పక్కింటి తెల్ల బాతు నీ నిక్కరు పట్టుకుని వీధంతా లాక్కెళ్ళింది. నాన్న చేసిన పీపాలో నువ్వు నిద్రపోతే, చూసుకోకుండా ఎవరో తన్నారు, పీపా దొర్లుకుంటూ వాలు దిగి చర్చి ఫాదరు పెరట్లో ఆగింది, ఆయన మూత తీసి చూసి గుండె మీద శిలువ గుర్తు వేసుకున్నాడు. అమ్మ నీకు జుట్టు దువ్వుతుంటే నువ్వు పళ్ళు లెక్కపెట్టేవాడివి, దువ్వెన పళ్ళు. మొదట్లో ఎల్యా మర్యాదకి వినేవాడు. తర్వాత ఒకరోజు పరుపు కుడుతూ కుడుతూ పీపా లోపలి వాసన వచ్చింది, పచ్చి చెక్క వాసన, చెవుల్లో గడగడమని శబ్దం. ఆ తర్వాత బాతు కళ్ళు గుర్తొచ్చాయి, పసుప్పచ్చగా, కనికరం లేకుండా. అప్పట్నుంచి ఎవరింట పెళ్ళయినా ఎల్యాని పీపా కథ చెప్పమనేవాళ్ళు. చెప్పిన ప్రతిసారీ కాస్త పెరిగేది. ఫాదరుకి కుక్క వచ్చింది, కుక్కకి పిచ్చి పట్టింది, పోయినేడాది రోసెన్‌వాళ్ళ పెళ్ళిలో పీపా నది కూడా దాటింది. ఇప్పుడు అసలు హక్కుదారు వస్తున్నాడు. వచ్చి, నా బాతెక్కడ, అంటాడు. ఇదుగోనయ్యా, అని అప్పజెప్పాలి. అప్పజెప్పేటప్పుడు నది తీసెయ్యాలి, కుక్కని తీసెయ్యాలి, ఒక్కడున్న ఫాదరుని ఒక్కడిగానే ఇవ్వాలి. అన్నీ ఇచ్చేశాక తన దగ్గర మిగిలేది మూట. అది కూడా ఎవరిదో.

ఫోను వచ్చింది చలికాలం మొదట్లో. దుకాణంలో ఫోను పీపాల వెనక గోడకుంటుంది. బ్రైనా రిసీవరెత్తి, అవతల ఎవరో కోకంద్ అనగానే, కోకంద్ ఎంత దూరమో తెలిసినదానిలా గొంతంతా పెట్టి అరవడం మొదలుపెట్టింది. ఎవరు? ఎవరబ్బాయివి? గట్టిగా చెప్పు! ఎల్యా అప్పుడు ఆవిడ కుర్చీ మెత్త కుడుతూ అక్కడే ఉన్నాడు. అరుపులు ఉన్నట్టుండి ఆగిపోయాయి. రిసీవర్లోంచి సన్నగా, గీరగొంతుతో, ఒక మొగమనిషి పాట పాడుతున్నాడు. పిల్లల్ని నిద్రపుచ్చే పాట, రెండే వరసలు, మేకపిల్లా బాదంపప్పూ ఉన్న పాట. బ్రైనా చేపలపెట్టె మీద కూర్చుండిపోయింది. పెదవులు కదిలాయి, మూడో వరస ఆవిడ అందుకుంది. ఆ మూడో వరస ఎల్యా అంతకుముందు ఎప్పుడూ వినలేదు. నోట్లో సూది పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఫోను పెట్టేశాక ఆవిడ ఇటు తిరిగి, "దుకాణం మూసెయ్" అంది. మూసేశాడు. ఇద్దరూ చీకటి దుకాణంలో చేపల మధ్య కూర్చున్నారు. అయితే నువ్వెవరివి, అని ఆవిడ అడగలేదు. నేనెవర్ని, అని తను అడగలేదు. ఆవిడ అన్నది ఒక్కటే, "వాడికి పరుపు కావాలి. మంచి ఉన్ని పెట్టి కుట్టు. ఉండిపోవడానికే వస్తున్నాడు, ఒంటరివాడు."

కుట్టాడు. తన చోటు తీసుకోవడానికి వస్తున్నవాడికి తన చేత్తోనే పరుపు కుట్టిన మనిషి ఉన్నాడా ఎక్కడైనా? గొర్రెలకి పేరుపడ్డ సాల్తో నుంచి ఉన్ని తెప్పించాడు, ఏకిందే ఏకాడు, మేఘంలా అయ్యేదాకా ఏకాడు. రెండు ఉండలు లోపల వదిలేస్తే? సరిగ్గా నడుం కింద? ఒకటి వదిలాడు కూడా. మర్నాడు కుట్టు విప్పి తీసేశాడు, చేతిపని పాడుచేసుకోవడానికి ప్రాణమొప్పలేదు. అంత గొప్ప పరుపు జన్మలో కుట్టలేదు. ఎలా ఉందో చూద్దామని ఒక్క నిమిషం వాలి, నిద్రపట్టేసి, ఇర్మా వచ్చి లేపేదాకా లేవలేదు. నిద్రలో నవ్వుతున్నావు, అంది ఇర్మా. అది ఎవరి నిద్రో, అన్నాడతను.

"ఎవరి కోసమండీ?" అని అవతల పక్కనుంచి ఒకావిడ పలకరించింది, చంకలో వేడినీళ్ళ ఫ్లాస్కు పెట్టుకుని.

"మా తమ్ముడు," అంది బ్రైనా. "చూసి యాభై ఏళ్ళు దాటింది."

"అయ్యో తల్లీ! ఎలా దొరికాడు మరి?"

"రేడియోలో. కోకంద్ నుంచి ఇజ్రాయెల్ వెళ్ళిపోయిన ఒకమ్మాయి అక్కడి రేడియోలో నా ప్రకటన విని వాడికి చెప్పింది. అక్కడా ఇక్కడా ప్రతి ఏడూ పండగల ముందు చదివిస్తూనే ఉన్నాను. ఒక్క ఏడు మానలేదు."

ఫ్లాస్కు ఆవిడ దేవుడు గొప్పవాడంది. బ్రైనా ముక్కు తుడుచుకుంది. ఎల్యా మంచు వైపు చూస్తూ నిలబడ్డాడు, ఆ మాట చెవిలో పడి, అక్కడే కాసేపు ఊరికే ఉండి, తర్వాత మెల్లగా లోపలికి దిగింది. ప్రతి ఏడూ? ఒక్క ఏడు మానలేదు? దొరికాక కూడానా? తను ఆవిడ బల్ల దగ్గర కూర్చుని పులుసు తాగుతున్న ఏళ్ళలో కూడా, జలుబు గొంతాయన ఆదివారం నాడు ఎల్యా, మోటల్ కొడుకు, ఎడమ చేతి మీద మచ్చ అని చదువుతూనే ఉన్నాడా? ఆపమని చెప్పడం మర్చిపోయిందేమో. ఎవరు, బ్రైనానా? ఇర్మా తల్లి పదేళ్ళ కిందట పెళ్ళిలో ఏ రంగు బట్ట కట్టిందో మర్చిపోని బ్రైనా? పొద్దున పీపాలో ఎన్ని చేపలున్నాయో సాయంత్రం అప్పజెప్పే బ్రైనా? అయితే తెలుసు. ఎప్పటినుంచి? ఆలోచన అక్కడ ఆగలేదు, వాలు మీద పడ్డ పీపాలా వెనక్కి వెనక్కి దొర్లుకుంటూ పోయి, ఆ మొదటి సాయంత్రం దగ్గర, పొయ్యి మీద పులుసు ఉడుకుతుండగా ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్న ఆ కాసేపటి దగ్గర ఆగింది. అప్పుడే తెలుసు. తెలిసే, తల ఊపి, ఎదురుగా చూస్తే కుడి ఎడమ అవుతుందంది. ఆ మాట నిజమో కాదో ఇంటికెళ్ళి పెళ్ళాన్ని నిలబెట్టి పరీక్షించిన తన బుర్రని ఏమనాలి! అందుకే పాట ఇవ్వలేదు. బాతునిచ్చింది, పీపానిచ్చింది, అమ్మ దువ్వెన ఇచ్చింది, ఇవ్వగలిగిందల్లా ఇచ్చి, ఆ ఒక్క పాట మాత్రం అసలువాడి కోసం నాలుక కింద దాచుకుంది. ఎల్యాకి కోపం రావాలి, రాలేదు. ఏడుపు రావాలి, అదీ రాలేదు. వచ్చింది ఆశ్చర్యం. పొరపాటున దొరికినవాణ్ణి పొరపాటున ఉంచుకోవడం ఎవరైనా చేస్తారు. తెలిసి తెలిసి, ఏరి కోరి, కుడిచేతి మచ్చవాణ్ణి, నసియోనాల్ వాణ్ణి, పిత్తాశయం రోగిష్టిని? తనని ఎవరూ ఎప్పుడూ ఏరుకోలేదు. రైళ్ళు మోసుకెళ్ళాయి, ఓడలు దింపాయి, ఇర్మా కూడా వాళ్ళన్నయ్య మీద పంతానికి చేసుకుంది.

"అక్కా," అన్నాడు. "నీకు మొదట్నుంచీ తెలుసు కదూ?"

"ఏంట్రా తెలిసేది?" అంది బ్రైనా, నీళ్ళ మీంచి చూపు తిప్పకుండా. "చెవులు బయటికొచ్చాయి, టోపీ దించుకో."

టోపీ దించుకున్నాడు. అప్పుడే మంచు రెండుగా చీలి, తుప్పుపట్టిన తెల్లటి పడవ ముక్కు, ఇంటిముందు గేదె వచ్చి నిలబడ్డట్టు, ఇంత దగ్గరలో ప్రత్యక్షమైంది. తాళ్ళు విసిరారు. జనం తోసుకున్నారు. బ్రైనా పిడికిలి కోటు చెయ్యి వదిలేసింది. వదిలిన చోట బట్ట ముడతలు పడి అలాగే ఉండిపోయింది, ఎల్యా ఆ ముడతల వైపు చూసుకున్నాడు. ఇదే అదను, ఇప్పుడు వెనక్కి ఒక్కొక్కడుగే వేస్తే ఎవరూ చూడరు, అనుకుని ఒక అడుగు వేశాడు కూడా. మెట్ల మీంచి దిగుతున్నవాళ్ళలో ఎవరా అని చూడబోయి ఆగిపోయాడు. చూడక్కర్లేదు. పువ్వులు కుట్టిన టోపీ ఒకటి నెత్తిన పెట్టుకుని, నోటినిండా బంగారు పళ్ళతో, చంకలో ఒక పుచ్చకాయంత ఖర్బూజా ఇరికించుకుని, అలమరంత మనిషి దిగుతున్నాడు. వెనక కూలివాడు మోయలేక ఒక పెట్టె ఈడుస్తున్నాడు. బ్రైనా నోట్లోంచి వచ్చిన కేకకి రేవులో పావురాలు లేచిపోయాయి. ఆవిడ అతని ఛాతీ దాకా కూడా రాదు. ఇద్దరూ అతుక్కుపోయారు, మధ్యలో ఖర్బూజా. "పండు, పండు," అంటున్నాడతను ఏడుస్తూ, "పండు నలుగుతుంది అక్కా." ఎల్యా విన్నాడు, విని బిత్తరపోయాడు. అంత మనిషి నోట్లోంచి ఏడేళ్ళ పిల్లాడి యిద్దిష్ వస్తోంది. యుద్ధం వచ్చిననాటికి ఎంత భాష ఉందో అంతే, యాభై ఏళ్ళు పెరగకుండా అలాగే ఉంది. "అక్కా, చలి. అక్కా, పడవ ఊగింది, నేను కక్కాను. అక్కా, నువ్వు చిన్నగా అయిపోయావు."

ఫ్లాస్కు ఆవిడ బావురుమంది. నసియోనాల్ కండువావాడు కూడా ముక్కు ఎగబీల్చాడు. ఎల్యా ఇంకో అడుగు వెనక్కి వేశాడు. అలమర మనిషి కళ్ళు తుడుచుకుని, అక్క తలమీదుగా చూసి, వేలు పెట్టి చూపించాడు.

"అక్కా, ఈ మామయ్య ఎవరు?"

బ్రైనా వెనక్కి తిరిగింది. ఎల్యా ఎంత దూరంలో ఉన్నాడో చూసింది, ఎందుకున్నాడో కూడా చూసింది. రెండంగల్లో వచ్చి మళ్ళీ అదే చెయ్యి అదే చోట పట్టుకుని లాక్కొచ్చి నిలబెట్టింది.

"మామయ్య ఏంట్రా వెధవా. మీ అన్న. ఎల్యా."

"ఎల్యా నేను."

"నువ్వూ ఎల్యావే. ఇద్దరు తాతలదీ అదే పేరు. నాన్న తన తండ్రి పేరే పెట్టాలన్నాడు, అమ్మ తన తండ్రి పేరే పెట్టాలంది, ఊరంతా వచ్చి చెప్పినా వినలేదు, చెరొకడికీ పెట్టుకున్నారు. ఇతను పెద్దవాడు."

అలమర మనిషి నుదురు ముడతలు పడింది. "నాకు అన్న లేడే," అన్నాడు, నెమ్మదిగా, మాటలు వెతుక్కుంటూ. "నేను, అమ్మ, నాన్న. నువ్వు ఓడెక్కి పోయావు. అన్న లేడు."

"ఉన్నాడు. అమ్మమ్మావాళ్ళ ఊళ్ళో చదువుకునేవాడు. నీకేం తెలుసు, నువ్వు ముక్కు చీదుకోవడం కూడా రాని కుంకవి."

ఎల్యా నేల వైపు చూస్తున్నాడు. చెప్పేయాలి, ఇప్పుడే చెప్పేయాలి, అయ్యా ఆవిడ మంచిది, పెద్దదైంది, నేను పరుపులు కుట్టేవాణ్ణి, నీ బాతు, నీ పీపా, నీ పరుపు అన్నీ సిద్ధంగా ఉన్నాయి, ఒక చిన్న ఉండ కూడా లేకుండా చూశాను, అని చెప్పడానికి నోరు తెరిచి తలెత్తేసరికి ఆ మనిషి కళ్ళు తన మీదే ఉన్నాయి. టోపీ, బయటికొచ్చిన చెవులు, ముడతలు పడ్డ కోటు చెయ్యి, దాన్ని పట్టుకున్న అక్క పిడికిలి, తెల్లబడ్డ ఆ వేళ్ళ కణుపులు, అన్నీ ఒక్కొక్కటే, తొందరేం లేనట్టు చూశాడు. తర్వాత అక్క మొహంలోకి చూశాడు. అక్కడ చాలాసేపు ఉండిపోయాడు. మెల్లగా, ఒక్కొక్క బంగారు పన్నూ బయటపడింది.

"ఆఁ," అన్నాడు. "గుర్తొచ్చింది. నువ్వు నన్ను కొట్టేవాడివి."

ఎల్యా తెరిచిన నోరు మూసుకున్నాడు. అక్క ఎన్ని శుక్రవారాలు ఎన్ని కథలు చెప్పినా ఇది మాత్రం చెప్పలేదు. ఇది బ్రైనా ఇచ్చింది కాదు, రేడియోవాళ్ళు ఇచ్చింది కాదు. ఖర్బూజా చంకలో పెట్టుకుని ప్రపంచం అవతలి నుంచి వచ్చినవాడు, దిగీ దిగగానే, చేతిలో పెట్టేశాడు. ఏం చెయ్యాలి? నేను కొట్టలేదు అంటే పోతుంది. నేనెవర్నో నీకు తెలీదు అంటే పోతుంది. ముక్కు మండింది, కళ్ళు మండాయి, అరచేతిలో ఎప్పుడో ఎవడినో వీపు మీద చరిచిన మంట నిజంగానే పాకినట్టయింది.

"ఊరికే కొట్టానా?" అన్నాడు. టోపీ సర్దుకున్నాడు. "నువ్వు కరిచేవాడివి."

"నేను కరవలేదు!" అన్నాడు అలమర మనిషి, నిజంగా మనసు నొచ్చుకుని. "నువ్వు నా రొట్టె తిన్నావు, అందుకు కరిచాను. ఒక్కసారి."

"ఒక్కసారా? అక్కా, విన్నావా, ఒక్కసారట!"

"ఇద్దరూ కరిచేవాళ్ళే," అంది బ్రైనా. "నడవండి, బస్సు పోతుంది. పెద్దాడా, పెట్టె పట్టుకో."